తీపి నీళ్ళ బావి

హెడాల్, గ్రాండాల్ కౌంటీ, దక్షిణ డకోటా
ఫిబ్రవరి 6, 1949

అక్కా,

నువ్వు పంపిన ఉన్ని టోపీ అందింది. సిగ్రిడ్ తలకి పెడితే ముక్కు దాకా జారింది. ఐదు వారాల పిల్లకి ఐదేళ్ళ పిల్ల టోపీ అల్లే తెలివి మా థోరా అక్కకి తప్ప ఎవరికుంటుంది? మా అత్తగారు చూసి, "మీ అక్క పట్నంలో ఉండి కొలతలు మర్చిపోయినట్టుంది" అంది. ఈ నెలలో ఆవిడ నోట వచ్చిన హాస్యం అదొక్కటే. అందుకని పనిగట్టుకుని రాస్తున్నాను.

ఇంట్లో ఫోను పెట్టుకుని ఉత్తరాలెందుకని అడిగావు. మన లైను సంగతి మర్చిపోయావా? ఎనిమిదిళ్ళకీ ఒకటే తీగ. మా ఇంటి గుర్తు రెండు పొడుగు గంటలు, ఒక పొట్టి గంట. అది మోగితే చాలు, నేను చేయి తుడుచుకుని వెళ్ళేలోపే మిగతా ఏడిళ్ళవాళ్ళూ ఎత్తేస్తారు. ఎత్తినప్పుడల్లా టక్కుమని వినిపిస్తుంది కూడా. గట్టు మీద ఉండే ఓలీన్ టాంగెన్ అయితే ఫోను పక్కనే కుర్చీ వేసుకుని, అల్లిక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. వాళ్ళ గోడ గడియారం చప్పుడు నా చెవికి వినబడుతుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మొన్న నీతో పాలు సరిపోవడం లేదని ఒక్క ముక్క అన్నానా, ఆదివారం చర్చి మెట్ల మీద ముగ్గురు ఆడవాళ్ళు పట్టుకుని మూడు రకాల కషాయాలు చెప్పారు.

సరిపోకపోవడం కాదక్కా, పాలు పూర్తిగా ఇంకిపోయాయి. ఇప్పుడు డబ్బా పాలే. ఒక వంతు పాలు, రెండు వంతులు నీళ్ళు, చెంచాడు మొక్కజొన్న పాకం. అత్తగారు దీని గురించి నన్ను ఒక్క మాట అనలేదు. అంటుందని నేను భయపడి చచ్చాను. "నీళ్ళు కాచి పొయ్యి. బాగా కాచు" అని మాత్రం అంది. అయితే పిల్లని ఎత్తుకోదు. ఇదిగో పట్టుకోండి అని చేతికివ్వబోతే, చేతులు తుడుచుకుంటూ కొట్టంలోకి వెళ్ళిపోతుంది. ఆవుల మీదున్న ప్రేమలో పదో వంతు మనవరాలి మీద లేదు.

నీళ్ళకి మాత్రం మాకు కొదవ లేదు. మామగారు తవ్విన బావి గుర్తుందిగా, కొట్టానికి పది అడుగుల కింద, పల్లంలో? కరువు ఏళ్ళలో కౌంటీ అంతా బావులు నోళ్ళు తెరిస్తే అదొక్కటే నిండుగా ఉందట. కోతలకి వచ్చే మనుషులు మా ఇంటి వంతు ఎప్పుడొస్తుందా అని చూసేది నా వంట కోసం కాదు, ఆ తీపి నీళ్ళ కోసం. ఓలీన్ వాళ్ళ గట్టు మీది బావి ఎంత లోతో అంత తుప్పు. తెల్లబట్ట ఉతికితే ఎర్రబడి లేస్తుంది. అందుకే కాఫీకి మా నీళ్ళు మీగడ క్యానుతో పట్టుకెళ్తుంది. తీగలో మన మాటలు, క్యానులో మన నీళ్ళు. ఇరుగు పొరుగంటే అలా ఉండాలి.

పిల్ల బాగుంది. చలికి అప్పుడప్పుడూ పెదవులు రంగు మారుతున్నాయి. ఇక్కడ అందరి పెదవులూ అంతేలే. నువ్వు ఆసుపత్రిలో పనిచేసేదానివి కదా, నీళ్ళు ఎంతసేపు కాచాలో ఒకసారి సరిగ్గా రాయి.

ఆల్మా

మినియాపొలిస్
ఫిబ్రవరి 12

ఆల్మా,

టోపీ పెద్దదైతే మడిచి కుట్టు. అక్కని వెక్కిరించడానికి కాగితం ఖర్చు చేయకు.

పాలు ఇంకిపోయాయని కుమిలిపోకు. ఇక్కడ గొప్పింటి ఆడవాళ్ళు పాలుండీ సీసాలే పడుతున్నారు. ఇక నీళ్ళ సంగతి. పదకొండేళ్ళుగా ఈ పెద్దాసుపత్రి బట్టల గదిలో డాక్టర్ల తెల్లకోట్లు ఇస్త్రీ చేస్తున్నాను. వాళ్ళ జేబుల్లో మర్చిపోయిన చీటీలు చదివీ చదివీ నేనూ సగం డాక్టరునయ్యాను. నవ్వకు. పిల్లల వార్డులో ఏం చేస్తారో నాకు తెలుసు. కళపెళా మరగడం మొదలయ్యాక గడియారం చూసి ఇరవై నిమిషాలు. అంతకు తగ్గితే పురుగు చావదు. సీసా, చెంచా, రబ్బరు మూత అన్నీ అందులోనే వెయ్యి. చన్నీళ్ళ చుక్క తగలనివ్వకు.

పల్లెటూరి బావి కదా, ఇరవై కాదు, ముప్పై నిమిషాలు చేసుకో. ఎక్కువైతే నష్టం లేదు.

పెదవులు రంగు మారడమంటే ఏ రంగు? నువ్వు చిన్నప్పుడు కూడా అంతే, గాజుపెంకు గుచ్చుకుంటే మేజోడు తొడుక్కుని దాచేదానివి. అమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. అప్పటినుంచీ నీ మేజోళ్ళు విప్పి చూడడమే నా పనైపోయింది. ఏ రంగో రాయి.

మీ ఆయన సెల్మర్‌ని అడిగానని చెప్పు. ఆ మనిషి నెలకి ఎన్ని మాటలు మాట్లాడుతున్నాడు ఇప్పుడు?

అక్క

హెడాల్
మార్చి 2

అక్కా,

నీలం.

మేజోడు విప్పాను, చూడు. ముందు పెదవులే అనుకున్నాను. తర్వాత గోళ్ళు. ఇప్పుడు ముక్కు చుట్టూ, చెవుల అంచులూ కూడా. నేరేడుపండు తిన్న పిల్ల నోరు ఎలా ఉంటుందో అలా. ఏడవదు. ఏడిస్తే బాగుండుననిపిస్తుంది. ఊరికే నా వైపు చూస్తూ చిన్నగా ఊపిరి తీస్తుంది, అలసిపోయిన ముసలమ్మలాగా.

పోయిన వారం బండి కట్టి, నలభై మైళ్ళు పట్నం తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గుండెలో పుట్టుకతో ఏదో లోపముందన్నాడు. రెండు రోజులు అక్కడి ఆసుపత్రిలో ఉంచుకున్నారు. అక్కా, రెండో రోజు పొద్దున చూస్తే పిల్ల గులాబీరంగులో ఉంది. కాళ్ళు తన్నుతూ సీసా అంతా తాగింది. నేను డాక్టరు చేయి పట్టుకుని ఏడ్చేశాను. ఇంటికొచ్చిన నాలుగో రోజుకి మళ్ళీ నీలం. కథ మళ్ళీ మొదటికొచ్చింది. "గుండె జబ్బులు అంతేనమ్మా, ఒకరోజు ఉన్నట్టు ఒకరోజు ఉండవు" అన్నాడట డాక్టరు, సెల్మర్ వెళ్ళి అడిగితే.

నేను చేయగలిగింది శుభ్రం. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. ఇంకా జాగ్రత్తగా చేస్తున్నాను. పెద్ద కెటిల్‌లో నీళ్ళు పోసి పొయ్యి వెనకభాగాన పెట్టేశాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అది మరుగుతూనే ఉంటుంది. పాలు కలపాల్సినప్పుడల్లా అందులోంచే. చన్నీళ్ళు తగలనివ్వడం లేదు. సగానికి ఇంకినా కొత్త నీళ్ళు కలపను, అడుగుదాకా వాడి, అప్పుడు కెటిల్ తోమి మళ్ళీ పెడతాను. అత్తగారు రోజూ వచ్చి మూత తీసి చూస్తుంది. "ఇంకా మరగనీ" అంటుంది. అంతే. పిల్ల వైపు చూడదు. పిల్ల నీలబడిందంటే లేచి కొట్టంలోకి వెళ్ళిపోతుంది. ఆ గుండె మాంసంతో చేసింది కాదు.

నీకు చెప్పలేదు, చర్చి వెనక సమాధుల్లో చిన్న రాయి ఒకటుంది. సెల్మర్‌కన్నా ముందు పుట్టిన వాడిది. ఎడ్వర్డ్, రెండు నెలల పది రోజులు అని చెక్కి ఉంది. ఎలా పోయాడో ఈ ఇంట్లో ఎవరూ చెప్పరు, చలిగాలి తగిలిందని సెల్మర్ ఎప్పుడో విన్నాడట. ఈ మార్చి పన్నెండుకి సిగ్రిడ్‌కి రెండు నెలల పది రోజులు. నేను లెక్కపెట్టకూడదు, కానీ లెక్కపెడుతున్నాను.

ఆల్మా

మినియాపొలిస్
మార్చి 8

తల్లీ,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పనికెళ్ళాను. రెండు కోట్లు మాడ్చాను. పదకొండేళ్ళలో మొదటిసారి.

గుండె జబ్బుల డాక్టరు ఇక్కడ ఉన్నాడు. పిల్లని రైల్లో తీసుకురాగలవా? అంత దూరం ఈ చలిలో పిల్ల తట్టుకుంటుందా? నాకే తెలియడం లేదు. ఇన్నాళ్ళూ నీకు తెలియనివన్నీ నాకు తెలుసన్నట్టు రాశాను.

నాకు తోచింది రాస్తాను. ఏదో పురుగు ఇంకా మిగిలుంటుంది. కెటిల్ పొయ్యి మీదే ఉంచుతున్నావు కదా, మంచి పని చేస్తున్నావు, మానకు. వీలైతే రెండుసార్లు కాచు. పాలు పలచగా ఉన్నాయేమో, పిల్ల నీరసంగా ఉంటే మధ్యమధ్యలో ఉత్త కాచిన నీళ్ళు కూడా రెండు చెంచాలు పట్టు. నీళ్ళు పట్టిన పిల్ల తేరుకుంటుంది.

పన్నెండో తేదీ దాటగానే రెండు ముక్కలు రాసి పడేయి. ఏమీ రాయకపోయినా ఉత్త కవరు పంపు. నీ చేతిరాత చూస్తే చాలు.

అక్క

హెడాల్
మార్చి 23

అక్కా,

పన్నెండు దాటింది. పిల్ల ఉంది. అంతవరకు మంచి కబురు.

మిగతాది చెప్పాలంటే చెయ్యి రావడం లేదు. సహాయం చేద్దామని చర్చి ఆడవాళ్ళు వంతులు వేసుకుని వచ్చారు. రోజుకొకరు, కేకో బన్నులో పట్టుకుని. మన వాళ్ళ మంచితనం నీకు తెలుసు కదా, వద్దంటే నొచ్చుకుంటారు. పాదిరీగారి భార్య వచ్చి, నన్ను చూసి, "నువ్వు రెండు రోజులు కన్నుమూసి పడుకోమ్మా, పిల్లని మా ఇంటికి తీసుకెళ్తాను" అంది. ఇచ్చాను. మూడోరోజు పిల్లని వెనక్కి తెచ్చింది. నిండు గులాబీరంగు. ఆవిడ పిల్లని నా చేతికిచ్చేటప్పుడు కాస్త ఆలస్యం చేసింది, అక్కా. ఆ ఆలస్యం నేను చూశాను.

రెండు రోజులకి మళ్ళీ నీలం.

ఇక తీగ మోగడం మొదలెట్టింది. ఎవరికో ఫోను చేద్దామని ఎత్తితే, ఓలీన్ గొంతు వినిపించింది. "పట్నంలో బాగుంటుంది, పాదిరీగారింట్లో బాగుంటుంది. తల్లి చేతికొస్తేనే నీలబడుతుంది. నేనేమీ అనడం లేదు, మీరే ఆలోచించండి." ఎవరో "పాలు లేని తల్లికి పిల్ల మీద మమకారం రాదంటారు" అన్నారు. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. దొంగచాటుగా వినే అలవాటు నాకూ వచ్చేసింది. తర్వాత గంటకి గుడ్డ చుట్టి కట్టేశాను. ఇక మోగదు.

కౌంటీ సంక్షేమం ఆఫీసు నుంచి ఒకావిడ ఏప్రిల్ నాలుగు, సోమవారం వస్తుందని చీటీ వచ్చింది. పిల్లని కొంతకాలం వేరే ఇంట్లో పెట్టాలో లేదో చూస్తారట. "కొంతకాలం" అని రాశారు. సెల్మర్ చీటీ చదివి, మడిచి, బైబిల్లో పెట్టాడు. మర్నాడు నేను పాలు కలుపుతుంటే కట్టెలు తెచ్చే నెపంతో వచ్చి పక్కన నిలబడ్డాడు. కట్టెలు కింద పెట్టి కూడా వెళ్ళలేదు. నా చేతులే చూస్తున్నాడు.

నేను కూడా చూసుకుంటున్నాను. ఎక్కడెక్కడ మంచి చేతులు తగిలితే అక్కడ పిల్ల బాగుంటుంది. నా దగ్గరే బాగుండదు. నిద్రలో ఏమైనా చేస్తున్నానా? నా చెమటలో ఏమైనా ఉందా? చేతులు సోడాతో తోమి తోమి పగిలి నెత్తురొస్తోంది. పిల్లని వాళ్ళకి ఇచ్చేస్తేనే బతుకుతుందేమో. బతికితే చాలు. ఆవిడ వచ్చినప్పుడు నేనే మూట కట్టి ఇచ్చేద్దామనుకుంటున్నాను. నువ్వు వద్దంటే ఎందుకో చెప్పు.

ఇక్కడ మంచు కరుగుతోంది. దారులన్నీ బురద. దొడ్డిలో పేడనీళ్ళు బావి అరుగు దాకా పారుతున్నాయి, సెల్మర్ పలకలు వేశాడు నడవడానికి. టపా బండి ఎన్నాళ్ళొస్తుందో తెలియదు. అందుకే ఇదంతా ఇవాళే రాసేస్తున్నాను.

ఆల్మా

మినియాపొలిస్
మార్చి 29, మంగళవారం మధ్యాహ్నం

ఆల్మా,

ఇది నీకు ఎప్పుడు చేరుతుందో, చేరేసరికి ఏమైపోయి ఉంటుందో తెలియకుండా రాస్తున్నాను. ముందు ఒకటే మాట. ఆ బావి నీళ్ళు పిల్లకి ఒక్క చుక్క పట్టకు. కాచినవి అసలే వద్దు. నీ చేతుల్లో ఏమీ లేదు. నీ తప్పేమీ లేదు. ఇది మూడుసార్లు చదువు, తర్వాత కిందికి రా.

నీ ఉత్తరం నిన్న అందింది. ఇవాళ పొద్దున పిల్లల వార్డు డాక్టరు రైనర్ తన కోటుకి బొత్తాం ఊడిందని వచ్చాడు. నా మొహం చూసి ఏమైందన్నాడు. నేను ఎన్నడూ డాక్టర్లతో ఇంటి సంగతులు మాట్లాడలేదు. ఇవాళ నీ ఉత్తరాలన్నీ తీసి ఆయన చేతిలో పెట్టాను. నిలబడే చదివాడు. చదివి, మూడే మాటలు అడిగాడు.

"పాలలో నీళ్ళెక్కడివి?"

"బావివి" అన్నాను.

"లోతెంత?"

"అంత లోతు కాదు, చేత్తో తవ్వింది."

"పశువుల దొడ్డి బావికి పైనా, కిందా?"

పైన, పది అడుగులు అన్నాను. ఆయన కోటు బల్లమీద పడేసి, "కాయొద్దని చెప్పండి, ముందు కాయడం మానమని చెప్పండి" అన్నాడు. ఇలాంటి పిల్లలు ఈ నాలుగైదేళ్ళలో చాలా ఊళ్ళలో కనబడ్డారట. పేడ సారం నేలలోకి దిగి నీళ్ళలో కలుస్తుంది. రుచి మారదు, వాసన రాదు. పెద్దవాళ్ళు ఎంత తాగినా ఏమీ కాదు. నెలల పిల్లల నెత్తురు మాత్రం దాంతో గాలిని మోయలేకపోతుంది, అందుకే నీలం. పాదిరీగారింట్లో నీళ్ళు వేరు, పట్నంలో నీళ్ళు వేరు. తల్లి చెయ్యి కాదు ఆల్మా, నీళ్ళు.

ఇక ఇది రాయాలి. పురుగైతే కాస్తే చస్తుంది. ఇది పురుగు కాదు, ఉప్పులాంటిది. నీళ్ళు ఆవిరైపోతే అది మిగిలిపోతుంది. పాకం చిక్కబడ్డట్టు చిక్కబడుతుంది. ఇరవై నిమిషాలు కాయమంది నేను. ముప్పై చెయ్యమంది నేను. మంచి పని చేస్తున్నావు మానకు అంది నేను. ఉత్త నీళ్ళు కూడా పట్టమన్నాను. ప్రతి ఉత్తరంలోనూ నీ బిడ్డకి ఇంకో చెంచా నేనే పోశాను. నా మిడిమిడి జ్ఞానం తగలెయ్య. ఇస్త్రీపెట్టె పట్టుకున్న దాన్ని ఇస్త్రీ చేసుకోకుండా.

డాక్టరు గదిలోంచే ఫోను చేశాను. హెడాల్‌లో తీగలు కలిపే జెనీవా మీ గంట కొట్టింది. రెండు పొడుగు, ఒక పొట్టి. నువ్వు ఎత్తలేదు. గంటకి గుడ్డ చుట్టానని రాశావు, నాకు తెలుసు, అయినా కొట్టమన్నాను. మళ్ళీ కొట్టింది. "ఎవరూ ఎత్తడం లేదమ్మా, మధ్యాహ్నం చూద్దామా?" అంది జెనీవా. అప్పుడు వినబడింది. టక్. తర్వాత ఇంకో టక్. తర్వాత ఇంకోటి. ఎవరింట్లోనో గోడ గడియారం చప్పుడు.

చెల్లీ, ఆ చప్పుడు వినగానే నాకు కోపం రాలేదు. నేను ఇలా అన్నాను, మాట పొల్లు పోకుండా రాస్తున్నాను: "మీరంతా వింటున్నారని నాకు తెలుసు. మీరు ఎప్పుడూ వింటారు. ఇవాళ సరిగ్గా వినండి. ఆల్మా బిడ్డని నీలం చేస్తున్నది తల్లి కాదు, ఆ బావి నీళ్ళు. కాస్తే ఇంకా చెడ్డవి. మీలో ఎవరి దగ్గర లోతు బావి ఉంటే వాళ్ళు నీళ్ళు పట్టుకుని ఇప్పుడే వెళ్ళండి. తర్వాతి సీసా పట్టేలోపల వెళ్ళండి." ఎవరూ బదులు పలకలేదు. పలికితే విన్నట్టు ఒప్పుకోవాలి కదా. ఒక్కొక్కటిగా టక్ టక్‌మని పెట్టేసిన చప్పుడు మాత్రం వినిపించింది. గడియారం ఉన్న ఇంట్లో ఫోను పెట్టలేదు. ఊరికే వదిలేసినట్టున్నారు. ఆ గడియారం అలా కొట్టుకుంటూనే ఉంది. చాలాసేపు విన్నాను.

వాళ్ళు వెళ్ళారో లేదో నాకు తెలియదు. ఆ బురదలో ఎవరు వెళ్తారు? నీ మీద లేనిపోనివన్నీ అన్నవాళ్ళు నీ గడప ఎందుకు తొక్కుతారు? సాయంత్రం మళ్ళీ చేస్తాను, రేపూ చేస్తాను, ఆ గుడ్డ విప్పు. పిల్ల మరీ నల్లబడితే వెంటనే ఇక్కడికి తీసుకురా, దీనికి సూదిమందు ఉందట. మూట కట్టి మాత్రం ఎవరికీ ఇవ్వకు.

పిల్లకి ఏమైనా జరిగి ఉంటే నాకు ఉత్తరం రాయనక్కర్లేదు. నా మొహం ఇక నీకు చూపించను.

థోరా

హెడాల్
ఏప్రిల్ 6

అక్కా,

ముందు ఇది. సిగ్రిడ్ ఈ ఉత్తరం అంచు నోట్లో పెట్టుకుని లాగుతోంది. ఎర్రటి నోరు. నీ టోపీ ముక్కు మీదికి జారి ఉంది.

నువ్వు మళ్ళీ చేసిన ఫోన్లేవీ మోగలేదు. బురదలో స్తంభం ఒరిగి తీగ తెగింది, శనివారం దాకా లైను లేదు. నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. నీ ఉత్తరాన్నే నమ్ముకుని ఉంటే, అక్కా, శుక్రవారం దాకా పిల్ల ఉండేది కాదు. మంగళవారం పొద్దున దాని నాలుక కూడా నీలబడింది. ఇది నీకు రాయకూడదనుకున్నాను, కానీ ఇక మేజోళ్ళు వద్దు.

నేను కెటిల్ అడుగున మిగిలిన నీళ్ళు సీసాలో పోస్తున్నాను. తలుపు తట్టకుండా తోసుకుని ఓలీన్ టాంగెన్ వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. ఒక కాలికి జోడు లేదు. మీగడ క్యాను పిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా గుండెలకి హత్తుకుని ఉంది. కాఫీకి మా నీళ్ళు పట్టుకెళ్ళే క్యానే.

"ఆ సీసా కింద పెట్టు" అంది.

పిల్లని తీసుకుపోవడానికి వచ్చిందనుకున్నాను. ఉయ్యాలకి అడ్డంగా నిలబడ్డాను. "సోమవారం కదా వచ్చేది, ఇంకా సోమవారం కాలేదు" అన్నాను.

"నీ పిల్ల నాకెందుకే? సీసా పెట్టు. మీ నీళ్ళు మంచివి కావు. మీ అక్క చెప్పింది."

"మా అక్క నీకెందుకు చెప్పింది?"

ఓలీన్ మొహం ఎర్రబడింది. "నాకు చెప్పలేదు. నీకు చెప్తుంటే నేను విన్నాను. ఎప్పుడూ వినేదాన్నేగా, తెలియనట్టు అడుగుతావేం?"

అప్పుడు అత్తగారు లేచింది. "మా బావి నీళ్ళ మీద మాటంటున్నావా ఓలీన్? ఇరవై ఏళ్ళు తాగి?"

"తాగాను గున్‌హిల్డ్. నాకేం కాలేదు, నీకేం కాలేదు. పసిదానికి పడవట. దొడ్డి సారం దిగుతోందట. కాస్తే ఇంకా చిక్కబడుతుందట." అలా అంటూనే నా చేతిలోంచి సీసా లాక్కుని, కడిగి, తన క్యానులోంచి నింపింది. తుప్పు నీళ్ళు. సీసా అడుగున ఎర్రగా మడ్డి తేలింది. ఇలాంటివి పిల్లకి ఎలా పట్టాలి అనుకున్నాను. పట్టాను.

గంటలో పెరట్లో ఐదు క్యానులున్నాయి. ఎవరూ ఎలా తెలిసిందో చెప్పలేదు. "ఇటుగా పోతూ వచ్చాం" అన్నారు, ఆ బురదలో. ఎవరి మొహమూ నేను చూడలేదు, వాళ్ళూ నా మొహం చూడలేదు. అందరం కలిసి పిల్ల గోళ్ళే చూస్తూ కూర్చున్నాం. మర్నాడు మధ్యాహ్నానికి చెవుల అంచులు తెల్లబడ్డాయి, సాయంత్రానికి ఎరుపు తిరిగింది. సెల్మర్ కొట్టం వెనక్కి వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి. నా పగిలిన చేతులు పట్టుకుని ఆవుల పొదుగులకి రాసే వెన్న రాశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ ఇప్పుడే మాట్లాడను. కొన్నాళ్ళు పోనీ.

సోమవారం సంక్షేమం ఆవిడ వచ్చేసరికి ఓలీన్ మా వంటింట్లో ముందే కూర్చుని ఉంది. పిలవలేదు. "ఆ మాట పుట్టించింది నేను. రాసుకోండి. నా పేరు స్పెల్లింగు చెప్పమంటారా?" అంది. ఆవిడ రాసుకోలేదు. పిల్లని ఎత్తుకుని చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయింది. కాఫీ ఎర్రగా తుప్పు వాసనేసింది, అయినా రెండు కప్పులు తాగింది. ఓలీన్‌ని నేను క్షమించానో లేదో నాకింకా తెలియదు. క్యాను మాత్రం రోజూ తెస్తోంది. గంటకి కట్టిన గుడ్డ విప్పేశాను. విననీ.

ఇక నీ ఉత్తరం. శుక్రవారం అది చదువుతూ నేను ఏడుస్తుంటే, ఏముందని అత్తగారు అడిగింది. బిగ్గరగా చదివాను. నీ గురించి నువ్వు రాసుకున్నదంతా కూడా చదివాను, ఏమనుకోకు. నీళ్ళు ఆవిరైపోతే అది మిగిలిపోతుంది, పాకంలా చిక్కబడుతుంది అన్న చోటికి రాగానే ఆగమంది. మళ్ళీ చదవమంది. ఇంకోసారి చదవమంది.

తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత, ఈ ఇంట్లో మొదటిసారి. ఎడ్వర్డ్ పుట్టిన ఏడే మామగారు ఆ బావి తవ్వారట. ఆవిడకీ నాలాగే పాలు ఇంకిపోయాయట. ఆవుపాలలో నీళ్ళు కలిపి పెంచిందట. పిల్లాడు నీలబడ్డాడు. "కిటికీ తెరిచి పెట్టావు, చలిగాలి కొట్టింది" అన్నారట మామగారు. చనిపోయేదాకా ఏటా ఆ రోజు రాగానే అదే మాట అనేవారట. తెరిచానో లేదో ఆవిడకే గుర్తులేదట. తెరిచే ఉంటాననుకుందట ఇన్నేళ్ళూ. మన పిల్ల నీలబడినప్పుడల్లా కొట్టంలోకి వెళ్ళింది రాతిగుండెతో కాదక్కా. ఆవిడ చేయి తగిలితే పిల్లకి కీడని భయపడి. ఆ గుండె మాంసంతో చేసింది కాదని నీకు రాశాను. ఆ ఉత్తరం ఇంకా నీ దగ్గరుంటే చింపెయ్యి.

నిన్న సెల్మర్ బావి మీద పలకలు కొట్టి మూసేశాడు. తాళ్ళూ గిలకా తీసింది ఆవిడే. లోపలికి వచ్చి, నన్ను అడక్కుండా, సిగ్రిడ్‌ని ఉయ్యాలలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. పుట్టిన మూడు నెలలకి మొదటిసారి. "మీ అక్కకి రాస్తున్నావా?" అంది. రాస్తున్నానన్నాను.

"నా మాటగా ఒకటి రాయి. నేను రోజుకి నాలుగుసార్లు కాచేదాన్నని రాయి. ఎడ్వర్డ్ పోయిన రోజు పొద్దున ఐదోసారి కూడా కాచానని రాయి. అంతే రాయి, ఆవిడకి తెలుస్తుంది."

ఆల్మా